అవతలోడు పలకందే బంతి రాదు

మా నాయన రైల్వేలో పాయింట్స్‌మన్. గుత్తి జంక్షన్ చుట్టుపక్కల చిన్నచిన్న స్టేషన్లలోనే ఆయన సర్వీసంతా గడిచింది. నేను ఆరో తరగతి చదివేటప్పుడు ఒక రాత్రి సంగటి క్యారియర్ పట్టుకుని స్టేషనుకు పోయాను. స్టేషన్ మాస్టరు గదిలో గోడవారగా ఒక బరువైన ఇనుప పెట్టె ఉండేది. మాస్టరు గారు దాని మీట ఒకసారి నొక్కి ఆగారు. పక్క స్టేషన్ నుంచి గంట ఒకసారి మోగింది. ఆయన రెండుసార్లు నొక్కారు. అవతల నుంచి కూడా రెండుసార్లు మోగింది. పెట్టె మీది అద్దంలో ముల్లు ఒక పక్కకు ఒరిగింది. ఆయన పిడి తిప్పగానే ఒక ఉక్కు బంతి దొర్లుకుంటూ బయటికి వచ్చింది. దాని మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉన్నాయి. నాయన దాన్ని తోలు సంచిలో వేసి, సంచిని బెత్తం రింగుకు తగిలించి, లాంతరు పట్టుకుని ప్లాట్‌ఫారం కొసకు పోయాడు. గూడ్సు బండి ఆగకుండానే డ్రైవరు చెయ్యి చాపి ఆ రింగును భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

పెట్టెలో ఇంకా బంతులున్నాయని నాకు తెలుసు. "వెనకాల ఇంకో బండి ఉంటే ఇంకో బంతి తీసిస్తే పోలేదా నాయనా?" అని అడిగాను.

"అవతలోడు పలకందే బంతి రాదు. ఒకటి బయటికొచ్చినాక, అది పోయి పెట్టెలో పడేదాకా ఇంకోటి ఈడా రాదు, ఆడా రాదు" అన్నాడు నాయన.

ఆ మాట నాకు బతుకంతా పనికొచ్చింది. 1984లో రైల్వే సిగ్నల్, టెలికాం విభాగంలో చేరాను. తీగలు, స్తంభాలు, కంట్రోల్ ఫోన్లు, ఆ తర్వాత ఫైబరు, చివరికి కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్చులు: ముప్పై అయిదేళ్ళ పాటు వీటి మధ్యనే తిరిగాను. రిటైరై ఊళ్ళోనే ఉంటున్నాను. స్విచ్చుల పనిలో చేరిన పిల్లలు అనుమానం వస్తే ఫోన్ చేస్తారు. వాళ్ళు ఎక్కువగా అడిగేది లింక్ అగ్రిగేషన్ గురించి. రెండు స్విచ్చుల మధ్య రెండో నాలుగో తీగలు వేసి, అన్నిటినీ ఒక జట్టుగా కట్టి, ఒకే పెద్ద తీగలా నడపడాన్ని లింక్ అగ్రిగేషన్ అంటారు. రెండు కొసలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఒప్పుకున్నాకే తీగను జట్టులో చేర్చుకుంటే అది డైనమిక్ పద్ధతి. ఆ పద్ధతి పుస్తకంలోకి ఎక్కింది 2000లో. దాని వెనకున్న తెలివి మాత్రం మా గుత్తి పట్టాల మీద నాయన కాలానికే పాతది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గుత్తి అనగానే అందరికీ కోట గుర్తొస్తుంది. మైదానం మీద సుమారు వెయ్యి అడుగులు లేచిన రాతి కొండ, దాని చుట్టూ ప్రాకారాలు, బురుజులు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఇక్కడి నుంచి ఏలాడు. 1776లో హైదరలీ ముట్టడించినప్పుడు కోట గోడలు గట్టిగానే నిలిచాయి. లోపల నీళ్ళు అయిపోయాయి. మురారిరావు లొంగిపోవలసి వచ్చింది. కొండ మీద దొనలు, బావులు చాలా ఉన్నాయి. కానీ అన్నిటికీ ఆధారం ఒకటే, వాన. వంద తొట్లు కట్టుకున్నా వాటిని నింపేది ఒకే మబ్బయితే, లెక్కకు అవి ఒక తొట్టి కిందే వస్తాయి. ఈ లెక్క తీగలకూ వర్తిస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ముచ్చట చివర్లో చెబుతాను.

కోట కింద ఇంగ్లీషువాళ్ళ శ్మశానం ఉంది. దత్తమండలాల మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే, తెచ్చి ఇక్కడే పూడ్చారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. గవర్నరు చనిపోయిన కబురైనా సరే అప్పట్లో మనిషి కాళ్ళ మీదో గుర్రం కాళ్ళ మీదో పోవలసిందే. తీగ మీద మాట పంపడం ఈ దేశంలో 1850 తర్వాతి సంగతి.

మా తట్టుకు తీగ రైలుతో పాటే వచ్చింది. మద్రాసు రైల్వే కంపెనీ దక్షిణాదిలో మొదటి రైలును 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు నడిపింది. 1861లో అరక్కోణం నుంచి వాయవ్యంగా కొత్త లైను మొదలుపెట్టింది. అది 1862లో రేణిగుంటకు చేరి, కడప మీదుగా, తాడిపత్రి మీదుగా, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరులో బొంబాయి నుంచి వచ్చిన లైనును కలుసుకుంది. మద్రాసు, బొంబాయి అలా ఒకే దారిన పడ్డాయి. ఊరికి దూరంగా స్టేషన్ పడడంతో దాని చుట్టూ గుత్తి ఆర్.ఎస్. అనే ఇంకో ఊరే లేచింది. పట్టాల పక్కన స్తంభాలు, స్తంభాల మీద తీగలు.

అది ఒంటి లైను. ఎదురెదురుగా వచ్చే బండ్లు రెండూ అదే పట్టాల మీద నడవాలి. రెండు స్టేషన్ల మధ్యనున్న ముక్కను మేం బ్లాక్ సెక్షన్ అంటాం. ఆ ముక్కలో ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. దాన్ని కాపాడేది ఇద్దరు స్టేషన్ మాస్టర్ల మధ్య నడిచే మాట. మొదట్లో తంతి మీద మోర్స్ మీటతో అడిగి, అవతలి నుంచి ఒప్పుకోలు వచ్చాక కాగితం మీద లైన్ క్లియర్ రాసి డ్రైవరు చేతికిచ్చేవారు. మనిషి రాసే కాగితంలో మనిషి తప్పు దొర్లొచ్చు. అందుకే యంత్రం వచ్చింది. నేను చిన్నప్పుడు చూసిన పెట్టె అదే, నీల్స్ బాల్ టోకెన్.

గంటలకు ఒక భాష ఉంది. ఒక్క దెబ్బ అంటే 'ఇటు చూడు'. రెండు దెబ్బలంటే 'దారి ఖాళీయేనా?' మూడంటే 'బండి బయల్దేరింది'. నాలుగంటే 'బండి క్షేమంగా చేరింది'. ఆరంటే 'ప్రమాదం, ఆపు'. ఏ దెబ్బ కొట్టినా అవతలివాడు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి. తిరిగి రాని దెబ్బకు విలువ లేదు. పెట్టెలోని బంతి కూడా అవతలి మాస్టరు తన మీట నొక్కి పట్టుకుని కరెంటు పంపితేనే ఇవతల ఊడుతుంది. 'నాకు దారి ఖాళీగానే కనిపిస్తోంది' అని ఒకడు అనుకుంటే చాలదు.

ఆ ఒంటి లైనుకు పెద్ద పరీక్ష వెంటనే వచ్చింది. లైను పూర్తయిన అయిదేళ్ళకే 1876-78 కరువు దత్తమండలాలను నమిలేసింది.   మద్రాసు రేవులో దిగిన ధాన్యం ఈ పట్టాల మీదే లోపలికి రావాలి. ఒక బ్లాకు సెక్షన్లో ఒకే బండి అన్న నియమాన్ని ఆకలి కూడా మార్చలేదు. బండి ఎంత వేగంగా నడిపినా, ఎదురు బండి స్టేషన్‌కు చేరేదాకా ఆగవలసిందే. ఇంకా మోయాలంటే రెండో లైను వేయాలి. మా తట్టు డబ్లింగ్ పని ముక్కలు ముక్కలుగా, నా సర్వీసు పొడుగునా నడుస్తూనే వచ్చింది.

డబ్లింగ్ అయ్యాక కూడా ఒక సంగతి మారలేదు. నలభై వ్యాగన్ల గూడ్సును చీల్చి ఇరవై ఒక లైను మీద, ఇరవై ఇంకో లైను మీద నడపరు. నడిపితే అవతల ఏ వ్యాగన్ ముందు చేరుతుందో, వరస ఎలా కలపాలో తెలియక యార్డు మొత్తం చిక్కుపడుతుంది. ఒక బండి ఒకే లైను మీద పోతుంది. రెండు లైన్లుంటే ఎక్కువ బండ్లు పోతాయి. అంతేగానీ ఒక బండి రెండింతల వేగంతో పోదు. ఈ వాక్యం గుర్తుంచుకోండి. స్విచ్చుల దగ్గర మళ్ళీ కావలసొస్తుంది.

తీగల్ని జట్టు కట్టే పని మాకు టెలిఫోను నేర్పింది. అరవై దాటినవాళ్ళకు ట్రంక్ కాల్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎక్స్‌ఛేంజికి ఫోన్ చేసి, నంబరు చెప్పి, గంటల తరబడి కాచుకునేవాళ్ళం. రెండు ఎక్స్‌ఛేంజిల మధ్యనున్న తీగల కట్టనే ట్రంకు అంటారు. కట్టలో మూడు తీగలుంటే ఒకేసారి ముగ్గురే మాట్లాడగలరు. నాలుగోవాడు వరుసలో ఉండాలి. మొదటి తీగ ఖాళీ లేకపోతే కాల్ రెండోదానికి, అదీ లేకపోతే మూడోదానికి పోతుంది. చందాదారుకు ఏ తీగ మీద మాట్లాడుతున్నాడో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ ఒకసారి మాట మొదలైతే పూర్తయ్యేదాకా అదే తీగ. నేటికీ కొన్ని కంపెనీల స్విచ్చుల్లో తీగల జట్టును ట్రంక్ అనే పిలుస్తారు. ఆ పేరు వెనక మన ట్రంక్ కాల్ బంధుత్వమే ఉంది.

ఇక కంప్యూటర్ల సంగతి. కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్నెట్‌ను 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ మొదలుపెట్టాడు. మొదట్లో అందరూ ఒకే తీగను పంచుకునేవారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. 1990 ప్రాంతంలో ఒక చిన్న కంపెనీ తీగలు తగిలించే ఏడు పోర్టుల పెట్టెను తయారుచేసింది. ఏ రెండు పోర్టులు మాట్లాడుకుంటున్నా మిగతావాటికి అడ్డం రాదు. అదే బహుళ పోర్టుల ఈథర్నెట్ స్విచ్చుల్లో మొదటిది. ఆ కంపెనీ పేరు కల్పన. స్థాపించిన ఇద్దరిలో ఒకరు భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్, రెండోవారు లారీ బ్లెయిర్. భరద్వాజ్ భార్య పేరే కంపెనీకి పెట్టారు. రెండు స్విచ్చుల మధ్య ఒక తీగ చాలనప్పుడు పక్కపక్కన కొన్ని వేసి ఒకటిగా నడిపే ఉపాయాన్ని కూడా కల్పన వాళ్ళే తెచ్చారు. దానికి ఈథర్‌ఛానల్ అని పేరు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. కల్పన పేరు మరుగున పడింది. శిక్షణ తరగతిలో మొదటిసారి ఈ కథ విన్నప్పుడు, కల్పన అన్న మాట తెలిసిన భాషలో పుట్టినందుకు నాకు గర్వం కలిగింది.

తర్వాత ఒక ఇబ్బంది వచ్చింది. ఎవరి కంపెనీ పద్ధతి వారిది. ఒకరి స్విచ్ మాట ఇంకొకరి స్విచ్‌కు అర్థం కాదు. బొంబాయి లైనువాడి గంటల భాష ఒకటి, మద్రాసు లైనువాడి భాష ఒకటి అయితే రాయచూరులో ఏమయ్యేది? 2000 సంవత్సరంలో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 802.3ఏడీ అనే ప్రమాణాన్ని ఖాయం చేసింది. 2008లో దాన్నే 802.1ఏఎక్స్ అనే పేరు కిందికి మార్చారు. అందులోని సంభాషణ పద్ధతి పేరు ఎల్.ఏ.సీ.పీ. అదే 2000లో రైల్వే పట్టాల వెంట ఫైబరు నడపడానికి రైల్‌టెల్ పుట్టింది. మా తట్టు కూడా నెమ్మదిగా పాత రాగి తీగల కాలం పోయి అద్దపు దారాల కాలం వచ్చింది.

ఎల్.ఏ.సీ.పీ. చేసే పనిని నేను పిల్లలకు గంటల భాషలోనే చెబుతాను. జట్టులో చేరాలనుకునే ప్రతి తీగ మీద స్విచ్ ఒక చిన్న చీటీ పంపుతుంది. 'నేను ఫలానా, నా జట్టు నంబరు ఇది, నువ్వు ఫలానా అని నాకు తెలిసింది' అని అందులో ఉంటుంది. అవతలి స్విచ్ కూడా అలాంటి చీటీయే పంపుతుంది. ఇద్దరి చీటీలూ కుదిరితేనే ఆ తీగ జట్టులోకి వస్తుంది. ఒకసారి ఒప్పుకుని ఊరుకోరు. నిదానపు పద్ధతిలో 30 సెకన్లకు ఒకటి, వేగపు పద్ధతిలో సెకనుకు ఒకటి చీటీలు పోతూనే ఉండాలి. మూడు చీటీల కాలం గడిచినా అవతలి మాట రాకపోతే, అంటే 90 సెకన్లు గాని 3 సెకన్లు గాని, ఆ తీగను జట్టు నుంచి తప్పిస్తుంది. దాని మీది రాకపోకలు మిగిలిన తీగలు పంచుకుంటాయి.

ఒక కొసను యాక్టివ్‌గా గాని పాసివ్‌గా గాని పెట్టుకోవచ్చు. యాక్టివ్ అయితే తనే ముందు పలకరిస్తుంది. పాసివ్ అయితే పలకరిస్తేనే పలుకుతుంది. రెండు కొసలూ పాసివ్‌గా పెడితే ఎవరూ నోరు విప్పరు, జట్టు కుదరదు. ఇంకో సంగతి: ఈ చీటీ పక్క స్విచ్ దాటి పోదు. మధ్యలో ఇంకో మామూలు స్విచ్ ఉంటే అక్కడే ఆగిపోతుంది. బంతి కూడా అంతే, పక్కపక్క స్టేషన్ల మధ్యదే.

జట్టు కట్టినా ఒక సంభాషణ ఒకే తీగ మీద పోతుంది. పంపేవాడి చిరునామా, అందుకునేవాడి చిరునామా కలిపి స్విచ్ ఒక లెక్క వేసుకుని తీగను ఎంచుతుంది. పంపే సమాచారపు ముక్కల వరస తప్పకూడదని ఆ జాగ్రత్త. "నాలుగు గిగాబిట్ తీగలు కట్టాను సార్, ఒక ఫైలు కాపీ మాత్రం ఒక గిగాబిట్‌కే ఆగిపోతోంది" అని ఫోన్ చేసేవాళ్ళకు గూడ్సు బండి సంగతే చెబుతాను.

ఇప్పుడు నేను దగ్గరుండి చూసిన సంగతి. రిటైరైన తర్వాత ఒక ఎండాకాలంలో, మా ఊరి పక్కనున్న ఒక సంస్థలో నెట్‌వర్క్ పని చూసే కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, సగం మందికి పనిచేస్తోంది, సగం మందికి చేయడం లేదు. స్విచ్చుల్లో లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి" అన్నాడు. "ఏమప్పా, ఆడ ఏమైనా తవ్వుతున్నారా?" అని అడిగాను. నీళ్ళ పైపు కోసం పొద్దున్నే జేసీబీ వచ్చిందన్నాడు.

వెళ్ళి చూశాను. రెండు భవనాల మధ్య రెండు ఫైబరు దారులు. ఒకటి కాలువ తవ్వి పూడ్చింది, ఇంకొకటి ప్రహరీ వెంట గొట్టంలో పోయింది. ప్రతి దారికీ రెండు కొసల్లో ఫైబరును రాగి తీగగా మార్చే చిన్న కన్వర్టర్ డబ్బాలు. స్విచ్చుల్లో జట్టు కట్టారుగానీ స్టాటిక్ పద్ధతిలో. అంటే చీటీలు లేవు, పలకరింపు లేదు. పోర్టు లైటు వెలిగితే చాలు, తీగ బాగున్నట్టే లెక్క. జేసీబీ పూడ్చిన ఫైబరును తెంపింది. కానీ స్విచ్‌కూ కన్వర్టర్‌కూ మధ్యనున్న జానెడు రాగి తీగ బాగానే ఉంది. అందుకే లైటు వెలుగుతోంది. లెక్క ప్రకారం ఆ తీగకు పడిన వాళ్ళ సంభాషణలన్నీ తెగిన ఫైబరులోకి పోయి మాయమవుతున్నాయి. మిగతా సగం మంది హాయిగా ఉన్నారు.

చచ్చిన తీగ తీసేయమన్నాను. తీశాడు. వెంటనే అందరికీ పనిచేసింది. "తీగ తీసేస్తే బాగైందేమిటి సార్!" అన్నాడు.

ఫైబరు అతికించాక కూర్చుని మళ్ళీ కట్టాం. ముందు రెండో తీగ విప్పి పక్కన పెట్టాం. ఎందుకంటే జట్టు కట్టకముందే రెండు తీగలూ తగిలిస్తే, అడ్డుకునే కాపలా లేనిచోట, అందరికీ వినబడేలా వేసిన ఒకే కేక రెండు దారుల్లో గిరగిరా తిరిగి నెట్‌వర్కంతా కూలిపోతుంది. రెండు స్విచ్చుల్లోనూ జట్టు ఏర్పరిచి, రెండు పోర్టుల వేగం ఒకటేనని చూసి, వీలాన్ (నెట్‌వర్కును వాటాలుగా విడగొట్టే) సెట్టింగులు పోర్టులకు విడివిడిగా కాకుండా జట్టుకే ఇచ్చాం. రెండు కొసలూ యాక్టివ్. చీటీలు సెకనుకు ఒకటి. మొదటి తీగ మీద అవతలి స్విచ్ పేరు తెర మీద కనబడేదాకా ఆగాం. కనబడింది. తర్వాతే రెండో తీగ. దాని మీదా అదే పేరు వచ్చింది. అప్పుడు ఒక కంప్యూటరు నుంచి ఆగకుండా పింగ్ (పలుకుతున్నావా అని అడిగే చిన్న కబురు) పెట్టి, అవతలి భవనంలో కన్వర్టర్ నుంచి ఫైబరు కొసను లాగించాను. ఇవతల లైటు పచ్చగానే ఉంది. పింగులు రెండు మూడు తప్పాయి. తర్వాత మళ్ళీ వరస అందుకున్నాయి. లైటు వెలుగుతున్నా, పలకని తీగను స్విచ్ తనంతట తానే పక్కన పెట్టేసింది. కుర్రాడు తెర వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. నాకు ఉక్కు బంతి దొర్లిన చప్పుడు వినిపించినట్టయింది.

ఆ రోజు కోట తొట్ల సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ సంస్థ వాళ్ళు ఎవరి సలహా మీదో రెండో ఫైబరును ప్రహరీ వెంట వేయబట్టి సరిపోయింది. రెండూ ఒకే కాలువలో పూడ్చి ఉంటే ఒక్క జేసీబీ పంటితో రెండూ పోయేవి. ఎల్.ఏ.సీ.పీ. ఉన్నా చేయగలిగింది ఏమీ ఉండదు. మురారిరావు తొట్లన్నిటికీ మబ్బు ఒకటే అయినట్టు, రెండు తీగలకూ కాలువ ఒకటే అయితే అవి రెండు కావు.

మా తట్టు నేలలో నీళ్ళు లేవు. ఎండాకాలం వస్తే బోర్లు, పైపు కాలువలు, తవ్వకాలు తప్పవు. తీగలు తెగుతూనే ఉంటాయి. అందుకని ఈ పనిలో ఉన్న పిల్లలకు మూడు మాటలు చెబుతాను. రెండో తీగను వేరే దారిన వేయండి. ఇవతలి లైటును నమ్మకండి, అవతలి పలుకును నమ్మండి. ఆఖరికి, ఒక తీగ మీ చేత్తో లాగి చూడనిదే పని పూర్తయిందని సంతకం పెట్టకండి.